మన బాకా మనమే ఊదుకొనవలెనా?

(జంషెడ్‌పూర్‌లోని కద్మాలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



రాత్రి డ్యూటీ దిగి, ఇంటికి కూడ వెళ్ళకుండ నేరుగా వచ్చినవారు ఈ సభలో కొందరున్నారు. బాగ్‌బేడా, పర్సుడీహ్, జుగ్‌సలాయి వైపుల నుండి ఊరు దాటి కద్మా వరకు వచ్చినవారున్నారు. వారి ఓపికను మేము దుర్వినియోగము చేయదలచుకోలేదు. ఒక ఆంగ్ల జాతీయమును గురించి నాలుగు మాటలు చెప్పి, దానివలన మన జీతపు చీటీకి కలిగే లాభనష్టములను లెక్కగట్టి ముగిస్తాము. జాతీయమునకూ జీతపు చీటీకీ సంబంధమేమిటని మీకు అనుమానము కలుగవచ్చును. మాకును మొదట అట్టి అనుమానమే కలిగినది.

కొంతకాలము క్రిందట ఒక యువ సహోద్యోగి మా వద్దకు వచ్చినాడు. కద్మాలోనే పుట్టి పెరిగినవాడు. తాతగారు శ్రీకాకుళము వైపునుండి బతుకుతెరువుకై వచ్చి ఇక్కడ స్థిరపడినారు. ఆ అబ్బాయికి ఇంట తెలుగు, బడిలో హిందీ, కచేరీలో ఆంగ్లము. పనిమంతుడని తోటివారందరూ ఒప్పుకుంటారు. ఏటేటా నింపవలసిన పనితీరు నివేదికలో స్వీయ మదింపు అను భాగము ఉన్నది కదా. అందులో అతడు ఒకే ఒక వాక్యము వ్రాసినాడు: ‘నా విధులను శ్రద్ధగా నిర్వర్తించితిని.’ పై అధికారి ఆ కాగితమును తిరిగి ఇచ్చి, ‘ఇట్లయితే లాభము లేదు, యు మస్ట్ బ్లో యువర్ ఓన్ ట్రంపెట్’ అన్నారట. అబ్బాయికి ఆ మాట అర్థము కాలేదు. పది మంది ఎదుట అడుగుటకు మొగమాటపడినాడు. ఎగతాళి చేసినారేమోనని రాత్రంతా మధనపడి, ఉదయమే మా ఇంటికి వచ్చి, ‘బాబాయిగారూ, ఇది తిట్టా, సలహానా?’ అని అడిగినాడు.

నిజము చెప్పవలెనన్న, మేము ఆ మాటను అంతకు ముందు అనేకసార్లు విన్నాము గాని, నిలిచి ఆలోచించినది లేదు. ట్రంపెట్ అనగా బాకా. ఎవరి బాకా వారు ఊదుకొనుట, అనగా తన గొప్ప తానే చాటుకొనుట. అర్థము అంతే. కాని అది తిట్టా, సలహానా అన్నది అర్థములో లేదు. పలికేవారి నోటిలో ఉన్నది.

మన జంషెడ్‌పూర్ ఒక విధముగా భాషల సంత. ఇక్కడ ఏ మాట గురించి సందేహము వచ్చినా, నలుగురు పొరుగువారిని అడిగిన నాలుగు భాషల జవాబు దొరుకుతుంది. మేమును అట్లే చేసినాము. బెంగాలీ మిత్రుడొకరు, ‘మా భాషలో తన ఢాక్ తానే వాయించుకొనుట అంటాము’ అన్నారు. దుర్గాపూజలో మ్రోగే ఢాక్ మీరందరూ ఎరిగినదే. ఒడియా సోదరుడు ఢాక్‌కు బదులు ఢోల్ అన్నాడు. హిందీ సోదరుడు వాద్యమును వదలి పక్షిని పట్టుకున్నాడు. తన నోటితో తానే ‘మియా మిట్ఠూ’ అగుట అని వారి నుడికారము, అనగా చిలుక తన పేరు తానే పలుకుకొన్నట్లు. మనము తెలుగువారము సొంత డబ్బా కొట్టుకొనుట అంటాము. ఇన్ని భాషలలో ఇది ఎగతాళి మాటయే. ఏ ఒక్క భాషలోను మెచ్చుకోలు కాదు.

ఇక్కడ మరియొక విశేషమును గమనించవలెను. తెలుగులో కూడ బాకా ఉన్నది. కాని మనవాడు బాకా ఊదేది తనకు కాదు, పెద్దలకు. ఫలానావాడు ఫలానా దొరగారికి బాకా ఊదుతున్నాడంటే, వాడు ముఖస్తుతి చేసి పబ్బము గడుపుకుంటున్నాడని అర్థము. తనకైతే డబ్బా, ఇతరులకైతే బాకా. రెండును నిందలే.

ఆంగ్లేయుల బాకాకు వారు చెప్పుకొనే కథ ఒకటి ఉన్నది. పూర్వము ఆ దేశములో ప్రభువు వచ్చుచున్నాడంటే ముందుగా బాకా ఊది చాటే బంట్లు ఉండేవారు. సామాన్యునికి అట్టి బంటు ఎక్కడిది? తన రాకను తానే చాటుకొనవలసి వచ్చినది. బైబిలులో మత్తయి సువార్త ఆరవ అధ్యాయములో, దానము చేయునప్పుడు వేషధారులవలె బూర ఊదించుకొనవద్దను బోధ కలదు. కాని షేక్‌స్పియర్ నాటకము ‘మచ్ అడో అబౌట్ నథింగ్’లో బెనెడిక్ అను పాత్ర దీనికి విరుద్ధముగా వాదిస్తాడు. ఈ కాలములో మనిషి బ్రతికి ఉండగానే తన స్మారకచిహ్నము తాను కట్టుకొననిచో, చావుగంట మ్రోగి భార్య ఏడ్చినంత సేపే అతని జ్ఞాపకము నిలుస్తుందనియు, కావున తన సుగుణములకు తానే బాకా అగుట తెలివైనవానికి మంచిదనియు అతడు హాస్యముగా చెప్పుతాడు. అది నాలుగు వందల ఏండ్ల క్రిందటి నాటకము. ఆ బెనెడిక్ మన కచేరీలలో ఏ పనితీరు నివేదిక నింపినాడో గాని, దాని రహస్యము బాగుగా తెలిసినవాడు.

సోదరులారా! మనలను పెంచిన పెద్దలు దీనికి విరుద్ధమైన నీతిని నేర్పినారు. నిండు కుండ తొణకదన్నారు. వేమన కంచును, కనకమును ప్రక్క ప్రక్కన ఉంచి ఏది మ్రోగునో, ఏది మ్రోగదో చెప్పినాడు. మహాభారతమునందు కర్ణపర్వములో ఒక ఘట్టము ఉన్నది. గాండీవమును మరొకరికి ఇమ్మని ఎవడు అన్నను వానిని చంపుతానని అర్జునుడు ప్రతిజ్ఞ చేసి ఉన్నాడు. యుద్ధములో నొచ్చిన ధర్మరాజు ఆ మాటయే అన్నాడు. అన్నను చంపవలెనా, ప్రతిజ్ఞను తప్పవలెనా? పెద్దవానిని అవమానించుట అతనిని చంపుటతో సమానమని చెప్పి కృష్ణుడు ఆ గండము గడిపినాడు. అన్నను నిందించినందుకు అర్జునుడు తనను తానే చంపుకొనబోగా, ఆత్మస్తుతి చేసుకొనుము, అది ఆత్మహత్యతో సమానము అని కృష్ణుడు రెండవ ఉపాయము చెప్పినాడు. ఆత్మస్తుతిని ఆత్మహత్యతో సమానమని విని పెరిగిన మన నోట, నేను ఇంత చేసితినను మాట ఎట్లు వస్తుంది? ఆడబిడ్డలకైతే ఈ సంకోచము రెట్టింపు. మాట్లాడకుండుటయే మంచితనమని వారికి చిన్ననాటినుండి నూరిపోసినారు.

మన ఉద్యోగముల స్వభావము కూడ ఈ మౌనమునకు తోడైనది. రైలు వేళకు వచ్చిన, వచ్చినదంటారు, అంతే. ఏ స్టేషన్ మాస్టరు మెలకువగా ఉన్నాడో, ఏ ట్రాక్‌మన్ మాఘమాసపు చలిలో పట్టా వెంట నడచి పగులును కనిపెట్టినాడో ఎవరును అడుగరు. ఉత్తరము చేరిన, చేరినదంటారు. సరిగా వ్రాయని చిరునామాను పట్టుకొని మూడు వీధులు తిరిగిన పోస్ట్‌మన్‌ను ఎవరు తలచుకుంటారు? 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చినది. అయిదుతో మొదలయ్యే ఊరినుండి బయలుదేరిన కార్డు మన కద్మా 831005కు చేరుటలో ఎన్ని చేతులు మారినవో ఆ కార్డు మీద వ్రాసి ఉండదు. మన పని చక్కగా జరిగిననాడు కనబడదు. తప్పు జరిగిననాడే కనబడుతుంది. ప్రమాదము జరుగని రోజు పత్రికలో వార్త కాదు. తన పని తానే మాట్లాడుతుందని కొందరు అంటారు. వంతెన కట్టినవాని పని మాట్లాడవచ్చును. వంతెన కూలకుండ కాపాడేవాని పని మాట్లాడదు, మిత్రులారా. అతడే మాట్లాడవలెను, లేదా అతని తరఫున మరొకరు మాట్లాడవలెను.

ఆ మరొకరు ఎవరు? ఆ బాకా బంటు లేని సామాన్యులకు బంటుగా పుట్టినది సంఘము. ఈ ఊరి చరిత్రయే అందుకు సాక్ష్యము. ఇక్కడి ఉక్కు కర్మాగారములో 1912లో ఉక్కు తయారైనది. జంషెడ్‌జీ టాటా 1904లోనే కన్నుమూసినారు. 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఇక్కడికి వచ్చి, సాక్చి అని పిలువబడిన ఊరికి ఆయన పేరు పెట్టినాడు. కాళీమాటి స్టేషను టాటానగర్ అయినది. స్థాపకునికి వైస్రాయియే బాకా ఊదినాడు. మరి కొలిమి ముందు నిలిచినవారికి? వారికై 1920లో జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్ పుట్టినది. 1928లో సుభాస్ చంద్ర బోస్ దానికి అధ్యక్షులైనారు.

మన రైల్వేలోను అట్లే జరిగినది. ఈ మార్గము ఆనాడు బెంగాల్ నాగపూర్ రైల్వేది. ఆ రైల్వే కార్మికుల సమ్మెకు 1928లో నాయకత్వము వహించిన వి.వి. గిరిగారు బరంపురములో పుట్టిన తెలుగువారు. తరువాత 1969లో రాష్ట్రపతి అయినారు. తపాలాలో 1946 జూలై 11న పోస్ట్‌మన్లు, దిగువ తరగతి సిబ్బంది సమ్మెకు దిగగా, ఆ నెల 29న కలకత్తా నగరమంతయు వారికై పని మానినది. 1974 మే 8న ప్రారంభమైన రైల్వే సమ్మె దాదాపు మూడు వారములు సాగినది. ఆ దినములలో ఎవరును నేను, నేను అనలేదు. మేము అన్నారు. ఆత్మస్తుతి దోషము అంటని సర్వనామము మేము.

అయితే ఆ అబ్బాయి సమస్య మేము అన్నంతమాత్రమున తీరదు. అతని ఫారములో నేను అనవలసియున్నది. ఎందువలన ఇట్లయినదో చూతము.

పూర్వము మనకు రహస్య నివేదికలు ఉండేవి. పై అధికారి ఏమి వ్రాసినాడో ఉద్యోగికి తెలియదు. చెడ్డగా వ్రాసిన మాత్రమే తెలియజేసేవారు. సరిహద్దు రహదారుల సంస్థలో దేవ్ దత్ అను కార్యనిర్వాహక ఇంజనీరు ఉండేవారు. ఆయనకు 1993-94లో ‘మంచిది’ అని వ్రాసినారు. మంచిది అన్నది చెడ్డ మాట కాదు గనుక ఆయనకు చెప్పలేదు. కాని పై పదవికి అయిదేండ్లపాటు ‘చాల మంచిది’ అని ఉండవలెనను నియమము. ఆ ఒక్క మంచి మాట ఆయన పదోన్నతిని మ్రింగివేసినది. ఆయనకంటె చిన్నవారు పైకి పోయినారు. సుప్రీమ్ కోర్టు 2008 మే 12న తీర్పు చెప్పుచు, మంచి గాని, చెడ్డ గాని, ప్రతి వ్రాతను ఉద్యోగికి తెలియజేయవలెనని శాసించినది. అప్పటికి ఆయన ఉద్యోగ విరమణ చేసి ఉన్నారు. 2009లో సిబ్బంది, శిక్షణ శాఖ రహస్య నివేదికకు వార్షిక పనితీరు మదింపు నివేదిక అని పేరు మార్చి, మార్కులతో సహా ఉద్యోగికి చూపవలెనని ఉత్తరువు ఇచ్చినది. దానినే మనము ఏపీఏఆర్ అంటున్నాము.

ఇది మన గెలుపే. కాని గెలుపుతో పాటు ఒక భారము వచ్చినది. పదోన్నతి దొరకని ఉద్యోగికి పది, ఇరువది, ముప్పది సంవత్సరముల సేవకు పై జీతపు మెట్టును ఇచ్చే ఎంఏసీపీ పథకమును మీరు ఎరుగుదురు. అది 2008 సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. ఏడవ వేతన సంఘము సిఫారసు మీద, 2016 జూలై 25 నుండి ఆ మెట్టుకు ‘మంచిది’ చాలదు, ‘చాల మంచిది’ ఉండవలెనన్నారు. పదికి ఆరు మొదలుకొని ఎనిమిదికి లోపుగా వచ్చిన చాల మంచిది. నాలుగు మొదలుకొని ఆరుకు లోపుగా వచ్చిన మంచిది. అనగా అయిదు పాయింట్ల తొమ్మిదికిని, ఆరుకును మధ్యనున్న సన్నని గీత మీద పదేండ్ల ఎదురుచూపు నిలిచి ఉన్నది. ఈ ప్రమాణమును మేము అంగీకరించుట లేదు. ఆ పోరాటము వేరు. కాని ప్రమాణము ఉన్నంతకాలము, ఆ గీతకు ఈవలి ప్రక్క మన మనిషి మౌనముగా జారిపోవుటను చూచుచు ఊరకుండలేము.

ఇంకొక నియమమును గుర్తుంచుకొనవలెను. స్వీయ మదింపును గడువులోగా ఇవ్వనిచో, అధికారి తనకు తోచినట్లు నివేదికను వ్రాయవచ్చును. మనము చెప్పని మాటలు ఆయనకు తోచునా? ఒక్కొక్క అధికారి క్రింద అనేకులు ఉంటారు. కొందరు అధికారులు సంవత్సరము మధ్యలో బదిలీ అవుతారు. మన మౌనము నమ్రత అని ఆయన గ్రహించడు. చెప్పుటకు ఏమియు లేదని గ్రహిస్తాడు. అడగనిదే అమ్మయినా పెట్టదన్నారు కదా. ఈ అమ్మకు పిల్లలు మరీ ఎక్కువ.

కాబట్టి ఏమి చేయవలెను? డబ్బా కొట్టుకొనవలెనా? అక్కరలేదు. మన దినచర్యలోనే జవాబు ఉన్నది.

స్టేషన్ మాస్టరు డ్యూటీ దిగునప్పుడు ఏమి చేస్తాడు? ఏ లైనులో ఏ బండి ఉన్నది, ఏ సిగ్నలు చెడినది, ఏ పని మిగిలినది అన్నీ డైరీలో వ్రాసి, వచ్చినవానికి ఛార్జి అప్పగిస్తాడు. దానిని సొంత డబ్బా అని ఎవరైనా అన్నారా? పోస్ట్‌మన్ బీటు ముగించి వచ్చి, ఇన్ని బట్వాడా చేసితిని, ఇన్ని తిరిగి తెచ్చితిని, ఇంత సొమ్ము చెల్లించితిని అని లెక్క ఒప్పజెప్పుతాడు. ఒప్పజెప్పకపోతేనే తప్పు. స్వీయ మదింపు కూడ అంతే. అది సంవత్సరాంతమున ఛార్జి అప్పగింత. ఆంగ్లము దానిని బాకా అన్నది. మన భాషలో దానికి సరియైన మాట లెక్క ఒప్పజెప్పుట. ఆ అబ్బాయితో మేము చెప్పినది ఇదే: ‘నాయనా, అది తిట్టు కాదు, పూర్తి సలహాయు కాదు. మీ అధికారి మంచి ఉద్దేశముతో తప్పు మాట వాడినారు. నిన్ను బాకా ఊదమన్నారు గాని, ఆయనకు కావలసినది నీ లెక్క.’

లెక్క ఒప్పజెప్పుటకు రామాయణమునందు ఒక చక్కని నమూనా ఉన్నది. లంకనుండి తిరిగి వచ్చిన హనుమంతుడు రామునితో నూరు యోజనముల సముద్రమును ఎట్లు లంఘించినది మొదట చెప్పలేదు. మొదట సీత క్షేమముగా ఉన్నదన్నాడు. సాక్ష్యముగా చూడామణిని చేతికిచ్చినాడు. ఆమె పెట్టిన గడువును చెప్పి, ఇంకను చేయవలసిన పనిని ముందుంచినాడు. ఫలితము, సాక్ష్యము, మిగిలిన పని. ఆత్మస్తుతి లేదు, అనవసరపు నమ్రతయు లేదు.

ఇక ఫారము సంగతి. కేడరును బట్టి ఫారములు మారుతాయి గాని, సాధారణముగా స్వీయ మదింపులో నాలుగు ప్రశ్నలు ఉంటాయి. నీ విధులేమిటి? నీకిచ్చిన లక్ష్యములేమిటి? ఎంత సాధించితివి? ఏమి సాధించలేకపోతివి, ఎందువలన?

‘శ్రద్ధగా పనిచేసితిని’ అన్న వాక్యములో సాక్ష్యము లేదు. పోస్టల్ అసిస్టెంటు ఒకరు ఇట్లు వ్రాయవచ్చును: సంవత్సరములో ఇన్ని రోజులు సేవింగ్సు కౌంటరులో పనిచేసితిని, ఇన్ని కొత్త ఖాతాలు తెరచితిని, ఫలానా నెలలలో సహోద్యోగి సెలవులో ఉండగా రెండు కౌంటర్లు చూచితిని, సంవత్సరాంతమున లెక్కలో తేడా లేదు. స్టేషన్ మాస్టరు ఒకరు ఇట్లు వ్రాయవచ్చును: ఫలానా తేదీన పాయింట్లు చెడినప్పుడు నియమము ప్రకారము ఇన్ని బండ్లను సురక్షితముగా నడిపితిని, సంవత్సరములో భద్రతా లోపము లేదు, కొత్తగా వచ్చిన ఇద్దరికి పని నేర్పితిని. ఇందులో ఒక్క విశేషణము కూడ లేదు. అద్భుతముగా, అసమానముగా అను మాటలు లేవు. అంకెలు, తేదీలు ఉన్నవి. విశేషణములు డబ్బా, అంకెలు లెక్క.

ఇట్లు వ్రాయుటకు మార్చి నెలాఖరున కూర్చొన్న ఏమియు గుర్తు రాదు. ఒక చిన్న నోటు పుస్తకము ఉంచుకొని, నెలకు నాలుగు పంక్తులు వ్రాసికొనుడు. ఇతరుల దినచర్యలను ఇంత శ్రద్ధగా నమోదు చేసే మనము, మనది నమోదు చేసుకొనుటకు బద్ధకించరాదు. భాషను గురించి కూడ దిగులు పడనక్కరలేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగులు దరఖాస్తును, అప్పీలును, విన్నపమును హిందీలో గాని, ఆంగ్లములో గాని ఇచ్చుకొనవచ్చునని 1976 నాటి అధికార భాషా నియమములు చెప్పుచున్నవి. కద్మా, సోనారీ బడులలో హిందీ చదివిన మన పిల్లలు, రాని ఆంగ్లములో ఒక వాక్యము వ్రాయుటకంటె వచ్చిన హిందీలో పది వాక్యములు వ్రాయుట మేలు.

తేదీలను కూడ వ్రాసికొనుడు. సిబ్బంది, శిక్షణ శాఖ నిర్ణయించిన కాలపట్టిక ప్రకారము స్వీయ మదింపును ఏప్రిల్ 15లోగా ఇవ్వవలెను. నివేదికను మీకు చూపిన తరువాత, అభ్యంతరము చెప్పుటకు పదిహేను రోజుల వ్యవధి ఉంటుంది. మార్కులు చూచి మనస్సు కష్టపెట్టుకొని ఇంట కూర్చొన్న పదహారవ రోజున ఆ హక్కు పోతుంది. దేవ్ దత్‌గారికి ఉద్యోగములో ఉండగా దక్కని హక్కు అది. దానిని మనము వాడుకొనకుండ పారవేయరాదు.

ఇప్పుడు రెండు హెచ్చరికలు. మొదటిది: ఒకరి చెమటను మరొకరి లెక్కలో వ్రాయరాదు. నలుగురము కలిసి చేసిన పనికి నలుగురి పేర్లు వ్రాయవలెను. ఆత్మస్తుతికి మన పెద్దలు ఎప్పుడును పరనిందను జోడించియే చెప్పినారు. రెండును కవల పిల్లలు. తోటివానిని తగ్గించి తాను పెరుగదలచినవాడు, ఎన్ని మార్కులు తెచ్చుకొన్నను, ఆ కచేరీలో ఐక్యతకు గండి కొట్టినవాడే. మార్కుల విధానములో ఉన్న పెద్ద ప్రమాదము కూడ అదే. పక్కపక్క బల్లల మీద కూర్చొన్నవారిని అది పోటీదారులను చేయజూస్తుంది. ఒకరి ఫారము మరొకరు చదివి సరిదిద్దుటయే ఆ ప్రమాదమునకు విరుగుడు. మన పనిని మనకంటె పక్కవాడే బాగుగా ఎరుగును. సముద్రపు ఒడ్డున హనుమంతుడు తన బలమును మరచి ఊరకుండగా, జాంబవంతుడు గుర్తు చేసినాడు. ప్రతి కచేరీకి ఒక జాంబవంతుడు కావలెను. ‘ఏమయ్యా, ఆ వరద రోజున నీవు చేసిన పని వ్రాయలేదేమి?’ అని అడిగేవాడు కావలెను. శాఖా సంఘములు ఏటా మార్చి నెలలో ఒక సాయంకాలము సభ్యులను కూర్చోబెట్టి ఈ ఫారములు నింపించవలెనని మేము కోరుచున్నాము. ముఖ్యముగా మన సోదరీమణులను, కొత్తగా చేరినవారిని.

రెండవ హెచ్చరిక నాలుగవ ప్రశ్నను గురించి. ఏమి సాధించలేకపోతివి, ఎందువలన అన్న గడిని చాలమంది భయపడి ఖాళీగా వదలుచున్నారు, లేదా లేదు అని వ్రాయుచున్నారు. అది పొరపాటు. ముగ్గురు చేయవలసిన పనిని ఒకరే చేయుచుండిన, అక్కడ ఆ మాట వ్రాయవలెను. ఎన్ని పోస్టులు మంజూరైనవి, ఎన్ని ఖాళీగా ఉన్నవి, సర్వరు ఎన్ని రోజులు పనిచేయలేదు, విశ్రాంతి దినమున ఎన్నిసార్లు పిలిపించినారు, అన్నీ తేదీలతో వ్రాయవలెను. ఫిర్యాదు స్వరములో కాదు, లెక్క స్వరములో. ఒక్కరు వ్రాసిన అది ఒక ఫారము. ఒక డివిజనులో అందరును నిజము వ్రాసిన, అది ప్రభుత్వము సొంత దస్త్రములలోనే నిలిచిపోయే సాక్ష్యము. చర్చలకు కూర్చొన్నప్పుడు సంఘ ప్రతినిధుల చేతిలో అంతకంటె పదునైన ఆయుధము ఉండదు. అప్పుడు నేను అని వ్రాసిన పంక్తులన్నీ కలిసి మేము అవుతాయి.

మిత్రులారా! ఆ అబ్బాయి ఆ సాయంకాలము మా వరండాలో కూర్చొని మళ్ళీ వ్రాసినాడు. మొదట ఏమియు లేదన్నాడు. పక్కింటి తోటి ఉద్యోగిని కూడ పిలిచినాము. ఆయన ఒక్కొక్కటే గుర్తు చేయగా, రెండు పుటలు నిండినవి. పూర్తి అయిన తరువాత అబ్బాయి దానిని చదివికొని, ‘బాబాయిగారూ, ఇదంతా నేను చేసినదేనా!’ అన్నాడు. ఆ మాట మమ్ములను కదిలించినది. పదేండ్లుగా చేయుచున్న తన పనిని ఆ బిడ్డ మొదటిసారి తన కన్నులతో చూచుకొన్నాడు. అతనికి ఎన్ని మార్కులు వచ్చినవో ఇక్కడ చెప్పము. అది అతని సొంత విషయము. తన పని విలువ తనకు తెలిసినవాడు తల వంచుకొని మాట్లాడడని మాత్రము చెప్పగలము.

కాబట్టి, మన బాకా మనమే ఊదుకొనవలెనా అని ఎవరైనా అడిగిన, మన జవాబు ఇది. బాకా మాకు అక్కరలేదు, దొరగారికైనను, మాకైనను. డబ్బా అసలే అక్కరలేదు. మేము దినదినము ఛార్జి అప్పగించేవారము, లెక్క ఒప్పజెప్పేవారము. సంవత్సరమునకొకసారి మా లెక్కను మేము పూర్తిగా, నిజముగా, తల ఎత్తుకొని ఒప్పజెప్పుతాము. ఆ లెక్కకు తగిన ఫలితము ఇవ్వనినాడు, అందరము కలిసి అడుగుతాము.

రాత్రి డ్యూటీ దిగి వచ్చిన సోదరులు ఇక ఇండ్లకు వెళ్ళి విశ్రమింతురు గాక. పడుకొనుటకు ముందు, గడచిన రాత్రి చేసిన పనిని నోటు పుస్తకములో రెండు పంక్తులు వ్రాసికొనుడని మాత్రము మా మనవి.

ఉద్యోగుల ఐక్యత వర్ధిల్లుగాక!